నిదాన చిత్రాల జీవో

జుత్తిగ వీర్రాజు సినిమాని చెవులతో చూసే మనిషి. తెర వైపు కన్నెత్తి చూడ్డం ఆయన ఏనాడో మానేశాడు. ముక్కామలలో తన జయలక్ష్మి డీలక్స్ ఆఫీసు గదిలో కుర్చీకి చేరగిలబడి, గోడవతల నుంచి వచ్చే ఈలలు విని, "ఇది పండగ దాకా ఆడుద్ది", "ఇది ఆదివారం దాటితే గొప్పే" అని తేల్చేసేవాడు. ఆయన మాట తప్పిన సందర్భం లేదు. ఈల పడని బొమ్మని ఆయన బొమ్మగానే లెక్కేసేవాడు కాదు.

అలాంటి మనిషి నెత్తిన ప్రభుత్వం నిదాన చిత్రాలు తెచ్చి పెట్టింది.

దీనికంతటికీ మూలం సాంస్కృతిక శాఖ మంత్రిగారి విదేశీ పర్యటన. అక్కడేదో చలనచిత్రోత్సవంలో ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఒక సినిమా చూపించారు. అందులో ఒక ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని మంచు కురవడం చూస్తుంటాడు. మంచు కురుస్తూ ఉంటుంది. ముసలాయన చూస్తూ ఉంటాడు. ఎన్నికల హడావుడి మొదలైన దగ్గర్నుంచి కంటి మీద కునుకు లేని మంత్రిగారు హాయిగా నిద్రపోయారు. చప్పట్ల మోతకి మెలకువ వచ్చి చూస్తే హాలు హాలంతా లేచి నిలబడి ఉంది. తానొక్కడూ కూర్చుంటే బాగోదని ఆయనా లేచారు. బయట విలేకరి ఎవరో సినిమా ఎలా ఉందని అడిగితే, "చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. మర్నాడు ఆయన ఉత్తమాభిరుచిని మెచ్చుకుంటూ పత్రికల్లో వ్యాసాలొచ్చాయి. తనకి ఉత్తమాభిరుచి ఉందని మంత్రిగారికి అప్పటిదాకా తెలీదు. తెలిశాక ఊరుకోలేకపోయారు. తిరిగొచ్చిన వారంలోనే జీవో వెలువడింది.

"ప్రజానీకమునందు తొందరపాటు ప్రబలుచున్నందున, దానిని అరికట్టు సదుద్దేశముతో, రాష్ట్రమందలి ప్రతి సినిమా హాలునందును మధ్యాహ్నపు ఆట విధిగా నిదాన చిత్రమునకు కేటాయించవలెను. మిగిలిన ఆటలు యజమానుల ఇష్టానుసారము నడుపుకొనవచ్చును. సదరు చిత్రములు ప్రజలకు విసుగు కలిగించుచున్నవా, మేలు కలిగించుచున్నవా అను విషయమును అధికారులు స్వయముగా పరిశీలించి, మేలు కలిగించుచున్నవని నివేదించవలెను."

వీర్రాజు దాన్ని భార్య మహాలక్ష్మికి చదివి వినిపించాడు. హాలు క్యాంటీను ఆవిడదే. బజ్జీల పిండి కలుపుతూ అంతా విని, "చూసి చెప్పమన్నారా, చెప్పడానికి చూడమన్నారా?" అంది.

"అది అడక్కూడదే. జీవో అది."

శుక్రవారం పొద్దున్నే ఒక జీపు వచ్చి హాలు ముందు ఆగింది. సన్నగా, పొడుగ్గా, మెడలో మఫ్లరుతో ఒకాయన దిగి, తన పేరు ఉపాధ్యాయుల దక్షిణామూర్తి అనీ, జిల్లా నిదాన చిత్రాధికారిననీ చెప్పుకున్నాడు.

"ఇంతకుముందు ఏ శాఖండీ?" అన్నాడు వీర్రాజు కుర్చీ వేస్తూ.

"మత్స్య శాఖ. నోరు విప్పని జీవాలతో సుదీర్ఘ అనుభవం ఉన్న కారణంగా నన్ను ఈ బాధ్యతకు ఎంపిక చేశారు." ఆయన నవ్వుతూ అన్నాడేమోనని వీర్రాజు మొహంలోకి చూశాడు. నవ్వలేదు.

మొదటి సినిమా పేరు 'గోడమీద ఎండ'. పొద్దున గోడకి ఈ చివర ఉన్న ఎండ సాయంత్రానికి ఆ చివరికి చేరుతుంది. ఆట మొదలైన కాసేపటికే జనం కుర్చీలు బాదడం మొదలెట్టారు. "బొమ్మ ఇరుక్కుపోయింది! ఆపరేటర్ నిద్రపోయాడా?" అని కేకలు. వీర్రాజు ఉరుకులు పరుగుల మీద ప్రొజెక్టర్ గదికి ఎక్కబోతుంటే దక్షిణామూర్తి మెట్ల దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"యంత్రంలో లోపమేమీ లేదు. అది కళాత్మక నిశ్చలత."

"జనం లేచి వెళ్లిపోతన్నారండీ!"

"అది తొందరపాటు. మనం అరికట్టవలసింది దాన్నే." గేట్లకి గొళ్లేలు పడ్డాయి.

లోపలున్నవాళ్లు చేసేది లేక ఆవులించారు. అధికారి టార్చి పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ ప్రతి ఆవులింతనీ గమనించాడు. ఆట అయ్యాక వీర్రాజుని పక్కకి పిలిచి శాఖాపరమైన పదజాలం నేర్పాడు. ఆవులింత అనకూడదు, దీర్ఘ ఆస్వాదన శ్వాస. కునుకు అనకూడదు, అంతర్ముఖ వీక్షణం. గురక విషయంలో మాత్రం ఆయనకే సందేహం వచ్చి పైకి రాశాడు. పక్కవారి అంతర్ముఖ వీక్షణానికి భంగం కలగనంత వరకూ గురక అనుమతించదగినదేనని పైనుంచి జవాబొచ్చింది.

తర్వాత క్యాంటీను వంతు. నిశ్శబ్దానికి హాని చేసే తినుబండారాలు నిషేధమన్నారు. జంతికలు, సమోసాలు, పాప్‌కార్న్ పోయాయి. మిరపకాయ బజ్జీ మెత్తగానే ఉంటుంది కదా అని మహాలక్ష్మి వాదించింది.

"బజ్జీ మెత్తగానే ఉండునమ్మా. కానీ తిన్నవారు కారానికి 'ఉస్స్' అంటారు. ఆ ఉస్సు నేపథ్య సంగీతంగా పొరబడే ప్రమాదం ఉంది."

"మరి ఏం అమ్ముకోమంటారు?"

దక్షిణామూర్తి క్యాంటీను గాజుబీరువా మొత్తం కలియజూశాడు. "ఇడ్లీ" అన్నాడు. "చట్నీ లేకుండా."

హాలు మూసేసి కల్యాణ మండపం చేసేద్దామని ఆ రాత్రి భోజనాల దగ్గర వీర్రాజు అనేశాడు. తండ్రి కట్టించిన హాలు. ఆ మాట అన్నాక అన్నం సహించక చెయ్యి కడిగేసుకున్నాడు. కానీ ఆయన భయపడ్డట్టేమీ జరగలేదు. తర్వాతి వారం మధ్యాహ్నం ఆట హౌస్‌ఫుల్.

వీర్రాజు తన కళ్లని తానే నమ్మలేకపోయాడు. ఎండలు మండిపోతున్నాయి. కరెంటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. హాల్లో ఏసీ ఉంది, జనరేటర్ ఉంది, చీకటి ఉంది, చప్పుడు చేస్తే కేకలేసే అధికారి ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పెందరాళే భోంచేసి, చంకలో తలగడ పెట్టుకుని వచ్చేస్తున్నారు. మేడపాటి సూరారావుగారని కొబ్బరితోటల ఆసామీ ఒకాయన గేటు దగ్గరే అడిగేవాడు, "ఏవయ్యా వీర్రాజూ, ఇవాళ బొమ్మలో మాటలేమైనా ఉన్నాయా?" అని. ఉన్నాయంటే వెనక్కి వెళ్లిపోయేవాడు.

జిల్లా మొత్తం ఇదే తీరు. ప్రజలు నిదాన చిత్రాలకు బ్రహ్మరథం పడుతున్నారని మంత్రిగారు ప్రకటించారు. అంతటితో ఆగినా బాగుండేది. నిదాన చిత్రాలకి ప్రోత్సాహకాలు కూడా ప్రకటించారు. దాంతో కెమెరా ఉన్న ప్రతివాడూ దర్శకుడైపోయాడు. ఒక మిల్లు యజమాని కళ్లంలో కెమెరా నిలబెట్టి భోజనానికి వెళ్లి 'ధాన్యం ఆరుతోంది' తీశాడు. ఇంకొకాయన అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన గదిని తీశాడు. సినిమాలు ఎక్కువైపోయేసరికి, ఏది నిజంగా నిదానమో తేల్చడానికి నియమాలు పుట్టుకొచ్చాయి. పాత్రలు నడిస్తే ఎక్కడికో, ఎందుకో చెప్పాలి. పరిగెత్తితే అనుమతి రద్దు. 'ధాన్యం ఆరుతోంది' మధ్యలో ఒక కోడి అడ్డంగా పరిగెత్తిందని పోటీ వాళ్లు ఫిర్యాదు చేశారు. అది తన కోడి కాదనీ, పక్కింటి వాళ్లదనీ మిల్లు యజమాని మొరపెట్టుకున్నాడు. విచారణకి వెళ్లొచ్చిన దక్షిణామూర్తి, "కోడి వేగం తగ్గించి చూపుటకు సదరు నిర్మాత అంగీకరించినందున" అంటూ కేసు మూసేశాడు. ఇప్పుడా సినిమాలో కోడి తెర దాటేసరికి ఒక కునుకు తీసి లేవొచ్చు.

ఇలా అందరూ సుఖంగా నిద్రపోతున్న రోజుల్లో ఫర్జానా వచ్చింది.

కావలి నుంచి వచ్చిన పాతికేళ్ల పిల్ల. భుజానికి సంచి, కళ్లకింద నల్లచారలు. తను తీసిన మొదటి సినిమాట; పేరు 'టైలర్ బాజీ'. "నిర్మాతలందరూ నత్తలా ఉందన్నారండీ. మీ మధ్యాహ్నం ఆటకైనా పనికొస్తుందేమోనని..." అంది.

"నత్తలా ఉంటే మాకు కావాల్సింది అదేనమ్మా" అన్నాడు వీర్రాజు. దక్షిణామూర్తి సినిమాలో కోళ్లు లేవని రూఢి చేసుకుని సంతకం పెట్టేశాడు.

శుక్రవారం జనం తలగడలు సర్దుకున్నారు. బొమ్మ మొదలైంది. ఒక చిన్న టైలర్ కొట్టు. బాజీ అనే నడివయసు మనిషి మిషను తొక్కుతుంటాడు. ఆయన భార్య లోపల్నుంచి టీ గ్లాసు తెచ్చి మిషను బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది. ఆయన తలెత్తడు. టీ చల్లారుతుంది. మీగడ కడుతుంది. ఆవిడ వచ్చి, చూసి, గ్లాసు తీసుకుపోతుంది. మర్నాడు మళ్లీ పెడుతుంది. ఏ మాట మీద పట్టింపు వచ్చిందో సినిమా చెప్పదు. ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు, ఒక్క మాట ఉండదు.

ఆఫీసు గదిలో వీర్రాజుకి ఏదో తేడాగా అనిపించింది. గోడవతల చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం ఇప్పుడు మామూలే, కానీ గురక కూడా లేదు. ఇలాంటి నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ వినలేదు. హాలుకేమైనా అయ్యిందా అని లేచి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు.

సూరారావుగారు తప్ప ఒక్కడూ పడుకోలేదు. తలగడలు ఒళ్లో పెట్టుకుని, వాటిని నలిపేస్తూ చూస్తున్నారు. తెరమీద భార్య టీ పెట్టి, ఈసారి వెళ్లకుండా గుమ్మంలో నిలబడింది. బాజీ చెయ్యి మిషను చక్రం మీంచి లేచింది. గ్లాసు వైపు కదిలింది. మధ్యలో ఆగి, దారపుకండె అందుకుంది.

"అబ్బా!" అంది హాలంతా.

"తాగేడవచ్చు కదరా!" అని ఎవరో అరిచారు.

ఆలస్యంగా మెలకువ వచ్చిన సూరారావుగారు "ఏవైందీ, ఏవైందీ?" అని పక్కవాణ్ణి కుదిపాడు. "ఉండండి బాబూ, మాటాడకండి" అన్నాడు వాడు తెరమీంచి చూపు తిప్పకుండా.

వీర్రాజు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. మహాలక్ష్మి ఇడ్లీ గిన్నెతో వచ్చి పక్కన నిలబడి చాలాసేపైందని ఆయనకి తెలీలేదు. చివరికి ఒక వానరోజున బాజీ మీగడ కట్టిన టీ తీసుకుని, పొయ్యి దగ్గరున్న భార్యకి కనబడేలా గుమ్మంలో నిలబడి, గుక్క తిప్పుకోకుండా తాగేస్తాడు. ఆవిడ చూసి, "ఉండు, వేడి చేసిస్తాను" అంటుంది. సినిమా మొత్తానికి అదొక్కటే మాట.

హాలు ఒక్కసారి గొల్లుమంది. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. వెనక బెంచీల్లోంచి ఒక ఈల లేచింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక లెక్కలేనన్ని. వీర్రాజు మహాలక్ష్మి వైపు చూడకుండానే, "బాగుంది కదే" అన్నాడు.

"పెళ్లయ్యాక నువ్వు నాతో కలిసి చూసిన మొదటి సినిమా" అంది మహాలక్ష్మి, ముక్కు చీదుకుంటూ. "చివర్లోంచి చూసినా చూశావు."

అందరూ ఇలాగే అనుకోలేదు. "టీ తాగడానికి ఇంత సేపా? మా ఆవిడైతే నెత్తిన పోసుండేది" అంటూ విసుక్కుంటూ వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు కూడా బయట సోడాబండి దగ్గర ఆగి, తప్పు బాజీదా, భార్యదా అని పొద్దుగూకే దాకా పోట్లాడుకున్నారు.

దక్షిణామూర్తి మఫ్లరుతో కళ్లు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వచ్చాడు. ఫర్జానా ఆశగా లేచి నిలబడింది.

"అమ్మా, చాలా ఉత్తమమైన సినిమా తీశావు. నిన్ను మనసారా అభినందిస్తున్నాను. అనుమతి రద్దు చేస్తున్నాను."

"ఎందుకండీ?" ఫర్జానా, వీర్రాజు, మహాలక్ష్మి ముగ్గురూ ఒకేసారి అన్నారు.

"నియమం స్పష్టంగా ఉంది. తరువాత ఏమి జరుగునో అను ఆత్రుత ప్రేక్షకునికి కలిగించనిదే నిదాన చిత్రం. ఇక్కడ ఆత్రుత కలిగింది. హాలునందు ఒక్క దీర్ఘ ఆస్వాదన శ్వాస కూడా నమోదు కాలేదు. స్వయంగా నాకే టీ ఏమైపోవునోనని గుండె దడదడలాడింది. కాబట్టి చట్టం దృష్టిలో ఇది ఉత్కంఠభరితమైన వేగవంత చిత్రం."

"ఇందులో ఎవడూ పరిగెత్తనే లేదు కదండీ!" అంది ఫర్జానా.

"పాత్రలు పరిగెత్తలేదు. ప్రేక్షకుల గుండెలు పరిగెత్తాయి."

ఫర్జానా కుర్చీలో కూలబడింది. "నిర్మాతలేమో నత్త అన్నారు, మీరేమో గుర్రం అంటున్నారు. నేనెక్కడికి పోవాలి?"

మర్నాటి మధ్యాహ్నం నుంచి మళ్లీ 'ధాన్యం ఆరుతోంది' వేశారు. జనం వచ్చారు, తలగడలు వేసుకున్నారు, నిద్ర మాత్రం పట్టలేదు. "ఆ టీ బొమ్మ తీసేశారేం?" అని సూరారావుగారే గేటు దగ్గర నిలదీశాడు. "మా ఆవిణ్ణి తీసుకొచ్చాను చూపిద్దామని. దారిపొడుగునా నాతో మాట్లాడింది కూడాను!"

వీర్రాజు ఆ రోజంతా ఆఫీసు గదిలో అటూ ఇటూ తిరిగాడు. సాయంత్రం దక్షిణామూర్తి జీపెక్కబోతుంటే ఎదురెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, మీరు దాన్ని వేగవంత చిత్రం అన్నారు కదా?"

"అన్నాను. ఉత్కంఠభరితం అని కూడా అన్నాను."

"మరైతే సాయంత్రం ఆటలు మా ఇష్టమని జీవోలోనే ఉంది. మామూలు మాస్ బొమ్మ కింద వేసుకుంటానండి, ఆయ్."

దక్షిణామూర్తి జీపు మెట్టు మీద ఒక కాలు, నేలమీద ఒక కాలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. చట్టం ఎటునుంచి చూసినా కుదిరింది. "అభ్యంతరం కనిపించుట లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "టికెట్టు ఒకటి నాకు తీసిపెట్టండి" అన్నాడు.

చట్టానికి తగ్గట్టు పోస్టర్ కూడా ఉండాలని వీర్రాజు పట్టుబట్టాడు. ఎర్రటి ఆకాశం, వెనక మెరుపులు, బాజీ చేతిలో ఇంతెత్తు కత్తెర. కింద 'ఒక్కసారి కుట్టాడంటే...' అని మూడు చుక్కలు. ఫర్జానా అది చూసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత వేళ్ల సందుల్లోంచి మళ్లీ చూసి పడీపడీ నవ్వింది.

మొదటి ఆటకే కుర్రకారు కాగితం ముక్కలు పట్టుకుని దిగారు. బాజీ మిషను ముందు కూర్చోగానే కాగితాలు వానలా కురిశాయి. మిషను తొక్కితే ఈలలు. సూదిలోకి దారం ఎక్కిస్తే చొక్కాలు విప్పి తిప్పారు. ఫైటు ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని చూశారు. రాలేదు. కొంతమంది లేచి బయటికొచ్చి డబ్బులు వెనక్కిమ్మన్నారు. మహాలక్ష్మి వాళ్లకి మిరపకాయ బజ్జీలు పెట్టి చల్లబరిచింది. సాయంత్రం ఆటకి బజ్జీల మీద నిషేధం లేదు. బజ్జీ తినేసి, సగంలో వదిలేసిన టీ సంగతి తేలక వాళ్లే మళ్లీ లోపలికి పోయారు. రెండో వారానికి అమలాపురం నుంచి కూడా జనం రావడం మొదలైంది.

ఆ ఊపులోనే మంత్రిగారు ముక్కామల వచ్చారు. నిదాన చిత్రాల విజయోత్సవ యాత్ర అది. మధ్యాహ్నం ఆటకి రావాల్సిన మనిషి, దారిపొడుగునా దండలు వేయించుకుంటూ వచ్చేసరికి సాయంత్రం ఆట సగంలో ఉంది. మందీ మార్బలంతో హాల్లోకి వచ్చి, నడవాలో నిలబడి, తెరవైపు చూసి మురిసిపోయారు.

"చూశారా! ఎంత నిదానంగా ఉందో! ప్రజలు ఎలా ఆదరిస్తున్నారో! ఇది మన పథకంలోదేనా?"

"కాదండి" అన్నాడు దక్షిణామూర్తి. "ప్రజలకు విసుగు కలగనందువల్ల పథకం నుంచి తొలగించడమైనది."

"విసుగు పుట్టకపోతే అది కళ ఎలా అవుతుందయ్యా?" అని మంత్రిగారు గట్టిగా అన్నారు. అనేసి, పీఏ చేతిలోంచి మైకు అందుకుని, "సోదర సోదరీమణులారా..." అని మొదలెట్టారు.

"కూర్చోవయ్యా బాబూ!" అంది ఒక ఆడగొంతు. సూరారావుగారి భార్యది. "అడ్డంగా నిలబడి ఆ వాగుడేంటి? గ్లాసు కనపడ్డం లేదిక్కడ."

"నేను మంత్రిని తల్లీ..."

"ఎవరైతే ఏంటి? చెయ్యి చాపాడు, తీస్తాడో తియ్యడో చూడనీ!"

హాలంతా "ష్‌ష్" అంది. కళాత్మక నిశ్చలతకి అంత గట్టి కాపలా ఏ జీవో వల్లా సాధ్యం కాదు. మంత్రిగారు దొరికిన కుర్చీలో కూర్చుండిపోయారు. పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డ వీర్రాజు ఆయన్నే గమనిస్తూ ఉన్నాడు. ముందు వాచీ చూసుకున్నారు. తర్వాత ఫోను తీశారు. వెనకనుంచి ఎవరో భుజం తడితే జేబులో పెట్టేశారు. చివర్లో వాన మొదలయ్యేసరికి కుర్చీ అంచుకి జరిగారు. బాజీ గ్లాసెత్తగానే "తాగు, తాగు" అన్నారు, అందరితోపాటు. దీపాలు వెలిగాక కండువాతో మొహం తుడుచుకుని, వీర్రాజు చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో ఒకసారి ఫోను చేసుకోవాలి" అని బయటికి వెళ్లారు.

ఇక అంతా బాగుపడ్డట్టేనని వీర్రాజు అనుకున్నాడు. పాత జీవో రద్దయింది కూడా. నిదానమో వేగమో ప్రజలే చూసుకుంటారని రద్దు ఉత్తర్వులో రాశారు. మహాలక్ష్మి మధ్యాహ్నం ఆటకి కూడా జంతికలు వేయించింది. ఫర్జానాకి రెండో సినిమాకి నిర్మాత దొరికాడు.

కానీ మంత్రిగారి హృదయం కరిగింది కదా. కరిగిన హృదయంలోంచి కొత్త జీవో వచ్చింది.

"ప్రేక్షకుల మనసులను ఆర్ద్రమొనర్చు శక్తి తేనీటికి కలదని స్వానుభవముచే రుజువైనందున, ఇకమీదట విడుదలగు ప్రతి చిత్రమునందును ఒక గ్లాసు తేనీరు ఆసాంతము చల్లారునట్లు చూపవలెను."

దాన్ని అమలు చేసే బాధ్యత మళ్లీ దక్షిణామూర్తి మీదే పడింది. ఫర్జానా బెంగగా ఫోను చేసింది. తన కొత్త సినిమాలో టీ లేదనీ, ఒక ముసలావిడా ఆవిడ మేకా మాత్రమే ఉన్నాయనీ చెప్పింది. దానికి దక్షిణామూర్తి, "తేనీరు వంటింట్లో చల్లారుచున్నది, కెమెరా మర్యాదకొద్దీ లోపలికి వెళ్లలేదు అని రాస్తాలేమ్మా" అన్నాడు. వీర్రాజు ఆయనకి మహాలక్ష్మి చేత ఘాటు బజ్జీలు వేయించి పెట్టించాడు. ఆయన ఉస్స్ ఉస్స్ అంటూ తిన్నాడు.

పెద్ద హీరోల సినిమాలకి మాత్రం అలాంటి వెసులుబాటు కుదరలేదు. ఆ నెలలోనే ఒక భారీ ఫైట్ల సినిమా వచ్చింది. హీరో ఒంటిచేత్తో విలన్‌ని మెడ పట్టుకుని గాల్లోకి లేపుతాడు. సరిగ్గా అప్పుడు, జీవో ప్రకారం, పక్కనే డ్రమ్ము మీదున్న టీ గ్లాసు తెర నిండా కనిపిస్తుంది. పొగలు పలచబడతాయి. సంగీతం ఆగిపోతుంది. విలన్ కాళ్లు గాల్లో ఊగుతూ ఉంటాయి.

వీర్రాజు ఇప్పుడు ఆఫీసు గదిలో కూర్చోవడం లేదు. మహాలక్ష్మితో కలిసి చివరి వరసలో కూర్చుని చూస్తున్నాడు. ఈ పాటికి కుర్చీలు విరగ్గొట్టి ఉండాలే అని ముందు వరసలకేసి చూశాడు. కానీ జయలక్ష్మి డీలక్స్ జనం వేచి ఉండటం నేర్చుకున్న జనం. ఈల లేదు, కేక లేదు. హీరోని కాదు, విలన్‌ని కాదు, గ్లాసునే చూస్తున్నారు. టీ మీద సన్నగా మీగడ కడుతోంది.

సూరారావుగారు ఇక పట్టలేకపోయాడు. లేచి నిలబడి, హీరోకి నచ్చజెప్పే గొంతుతో అన్నాడు:

"వాణ్ణి దించి ముందు అది తాగవయ్యా బాబూ. చల్లారిపోతోంది."